సైలెన్సరు లేని గర్జన

నిజాంపట్నము చేరువనున్న అడవులదీవి వంటి పల్లెలో అర్ధరాత్రి మోటారు సైకిలొకటి గర్జించినచో ఉయ్యాలలోని పసిబిడ్డ ఉలికిపడును, జ్వరపీడితునికి కునుకు చెడును. నడుపు యువకుడు మాత్రము అది తన బండి సత్తువ యనుకొనును!

ఇంజనులో మండిన వాయువు, కవాటము తెరచుకొన్నంతనే, ఒత్తిడితో వెలికి దుముకును. ఆ దెబ్బయే శబ్దము. సైలెన్సరులోని అరలు, చిల్లుల గొట్టములు ఆ శబ్దతరంగములను అటునిటు మళ్ళించి, ఒకదానితో నొకటి ఢీకొనజేసి అణచును. అరలు ఊడబెరికినంత మాత్రమున బలము పెరుగదు; ఒక్కొక్కప్పుడు తక్కువ వేగమున లాగుడు తగ్గుటయు కలదు. డబ్బిచ్చి కొన్నది చప్పుడొక్కటే.

2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను ప్రకారము, శబ్ద ప్రమాణములు మీరినవారికి మొదటి తప్పునకే మూడు నెలల వరకు జైలుగాని, 10,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును; మూడు నెలలు లైసెన్సునకు అర్హత పోవును. బండితో వచ్చిన సైలెన్సరు అటకపై నున్నచో, మెకానిక్కుచే మరల బిగింపించుకొనుట ఎంతసేపటి పని?