నికోబారు పెద్దలు, మిషనరీలు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉద్యోగరీత్యా సముద్రము దాటి ఈ దీవులకు వచ్చిన మనము, మనకంటె ముందు వచ్చినవారి కథ తెలిసికొనుట మంచిది. అందు నికోబారునకు వచ్చిన మిషనరీల కథ యొకటి.

1768లో మొరేవియను సోదర సంఘమువారు, డేనిషువారి స్థావరమైన తరంగంబాడి నుండి నాన్‌కౌరీ దీవికి వచ్చిరి. వ్యవసాయము చేసిరి, శంఖములు సేకరించిరి, బోధింప యత్నించిరి. కాని భాష పట్టుబడలేదు; జ్వరములు మాత్రము విడువలేదు. పలువురచటనే సమాధులైరి. 1787లో మిగిలినవారు మరలిపోయిరి. వారిలో నొకరైన హేన్సెల్ వ్రాసిన లేఖలు 1812లో అచ్చయినవి.

1869లో బ్రిటిషువారు దీవులను స్వాధీనము చేసికొనిరి. గ్రామపెద్దలకు పత్రములును, జెండాలును ఇచ్చిరి. అచటి పెద్దను నేటికిని ‘కెప్టెన్’ అని పిలుచుట వాడుక.

1896లో వేదప్పన్ సాల్మన్ అను తమిళ ఉపదేశకుడు కారునికోబారులోని మూస్ గ్రామమునకు వచ్చెను. ఆయన దొర కాడు, మనవంటి దక్షిణాదివాడు. అచట నివసించి, బడి పెట్టి, పిల్లలకు చదువు చెప్పెను. అయితే ఆయన సర్కారు ఏజెంటు కూడ. కనుక గ్రామపెద్దల యెదుట నిలిచినది బోధకుడు మాత్రమే కాదు, ప్రభుత్వము కూడ. ఈ రెండు పాత్రల బరువును మనము మరువరాదు.

ఆ బడిలో చదివిన బాలుడు హా చెవ్ కా. తరువాత జాన్ రిచర్డ్‌సన్ అయ్యెను. పశ్చిమ ఆఫ్రికాలో యొరుబా జాతివాడైన శామ్యూల్ క్రౌథర్ 1864లో బిషప్ అయినట్లే, ఈయనయు 1950లో బిషప్ అయ్యెను. తన భాషలోనే తనవారికి బోధించెను. 1942 మొదలు 1945 వరకు సాగిన జపాను ఆక్రమణలో చెరసాల పాలయ్యెను. 1952లో ఈ దీవుల పక్షమున తొలి లోక్‌సభకు నామినేటు అయ్యెను. 1978లో స్వర్గస్థుడయ్యెను.

పందొమ్మిదేండ్లు శ్రమించియు పరాయివారు చేయలేనిది, ఆ నేల బిడ్డ చేయగలిగెను. పరుల మాట చెవి వరకే పోవును. తనవాని మాట ఇంటిలోనికి పోవును.

మన పిల్లలకు తెలుగు రాకున్నదని ప్రతి సభలోను చింతించుచున్నాము. న్యాయమే. కాని పక్క బల్లమీది నికోబారు సోదరుడు మనతో హిందీలో మాటలాడుచుండగా, ఆతని భాషలో మనము రెండు మాటలైన నేర్చితిమా? మనమును సర్కారు ఉత్తరువు చేతబట్టుకొనియే వచ్చినవారము. ఆ ఉత్తరువు మనకు కొలువిచ్చును గాని, చుట్టరికమీయదు. దానిని మనమే సంపాదించుకొనవలెను.