పార్లమెంటుకు ఎదురుగా గ్రంథాలయం



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుపుకుంటున్నామో, ఆయన ఉద్యోగ జీవితమంతా ఒక శాఖా గ్రంథాలయంలోనే గడిచింది. ఎదురుగా పొగిడితే ముఖం తిప్పుకునే మనిషని ఆయనతో పనిచేసినవారు చెబుతారు. అందుకని ఆయన గుణగణాలు ఏకరువు పెట్టను. ఆయన జీవితాంతం పట్టించుకున్న ప్రశ్నే మీ ముందు పెడతాను. ఊరికి గ్రంథాలయం కట్టాలంటే ఏ చోట కట్టాలి? ఎవరి డబ్బుతో కట్టాలి? అందులో ఏముండాలి?

ఇందుకు ఉదాహరణగా ఫిన్లండ్ రాజధాని హెల్సింకీలో 2018లో తెరిచిన ‘ఓదీ’ కేంద్ర గ్రంథాలయాన్ని తీసుకున్నాను. దాని ఫొటోలు మీలో కొందరైనా చూసే ఉంటారు. అలలా వంగిన తెల్లటి పైకప్పు, చుట్టూ గాజు గోడలు, చెక్క తాపడం చేసిన ముందుభాగం వాటిలో కనిపిస్తాయి. అంత భవనాన్ని సాధ్యం చేసింది ఏమిటో మాత్రం ఫొటోలకు అందదు. ఈ సాయంత్రం నేను మాట్లాడేది ప్రధానంగా దాని గురించే.

చట్టం ముందు, భవనం తర్వాత

ఫిన్లండ్ జనాభా సుమారు 56 లక్షలు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న జనం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ దేశం వందల ఏళ్లు స్వీడన్ ఏలుబడిలో, 1809 నుంచి రష్యా చక్రవర్తి కింద ఉండి, 1917 డిసెంబరు 6న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. కచేరీల్లో, విశ్వవిద్యాలయంలో చాలాకాలం స్వీడిష్‌దే పెత్తనం. ఫిన్నిష్ ఎక్కువగా రైతుల ఇళ్లలో మాట్లాడుకునే భాష. అయినా ఆ రైతులకు అక్షరం కొత్త కాదు. లూథరన్ చర్చి కట్టడి ప్రకారం, కాస్తయినా చదవగలనని పాదిరీ ముందు చూపించుకోనిదే పెళ్లికి అనుమతి దొరికేది కాదు. రాయడం రానివాళ్లు కూడా చదవడం నేర్చుకున్నారు. చదివే అలవాటు ముందు వచ్చింది, చదవడానికి పుస్తకాలు తర్వాత కావలసి వచ్చాయి.

హెల్సింకీ నగర గ్రంథాలయం 1860లో మొదలైంది. 1882లో రిఖర్డిన్కాటు అనే వీధిలో దానికి సొంత భవనం వచ్చింది. నార్డిక్ దేశాల్లో ప్రజా గ్రంథాలయం కోసమే నమూనా గీసి కట్టిన మొదటి భవనం అదేనంటారు. అది నేటికీ గ్రంథాలయంగానే ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన పదకొండేళ్లకు, 1928లో, గ్రంథాలయ చట్టం చేసుకున్నారు. 1961 చట్టంతో ప్రభుత్వ సాయం బాగా పెరిగి, పల్లెల్లోని గ్రంథాలయాలు నిలదొక్కుకున్నాయి. ఇప్పుడు అమల్లో ఉన్నది 2017 జనవరి 1న వచ్చిన చట్టం. గ్రంథాలయ సేవ ప్రతి మునిసిపాలిటీ బాధ్యత అని, లోపలికి రావడానికి, పుస్తకం ఇంటికి తీసుకెళ్లడానికి డబ్బు తీసుకోకూడదని అది చెబుతుంది. చదివే అలవాటును పెంచడంతో పాటు ప్రజాస్వామ్యాన్ని, భావప్రకటన స్వేచ్ఛను బలపరచడం కూడా గ్రంథాలయం పనే అని లక్ష్యాల్లో రాసుకున్నారు. ఓదీ భవనంలో మనం చూడబోయే విశేషాల వెనక ఉన్నదీ ఇదే ఆలోచన.

భవన నిర్మాణంలోనూ వాళ్లకు ముందొక పాఠం ఉంది. 1935లో వీపురి పట్టణంలో వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో ఒక గ్రంథాలయం కట్టాడు. దాని పఠన మందిరం పైకప్పులో 57 గుండ్రని వెలుతురు కన్నాలు ఉన్నాయి. ఒక్కొక్కటీ లోతైన గొట్టంలా ఉండటం వల్ల ఉత్తరాదిన వాలుగా వచ్చే ఎండ తిన్నగా బల్ల మీదికి దిగదు. గొట్టం గోడలకు తగిలి చెదిరిన వెలుతురే కిందికి వస్తుంది. అది నాలుగు వైపుల నుంచీ పడుతుంది గనుక చదివేవారి తల నీడగానీ, పేజీ తిప్పే చేతి నీడగానీ అక్షరాల మీద పడదు. చదువరి ఎక్కడ కూర్చుంటాడు, వెలుతురు ఎటు నుంచి రావాలి అన్న ఆలోచనతో మొదలుపెట్టి పైకప్పు గీసిన భవనం అది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పట్టణం సోవియట్ల పాలైంది. భవనం ఏళ్ల తరబడి పాడుబడి, చివరికి 2013 నాటికి మరమ్మతులు పూర్తి చేసుకుంది. ఓదీ పై అంతస్తులోనూ వంపు తిరిగిన కప్పులో గుండ్రని వెలుతురు కన్నాలే ఉన్నాయి.

స్థలం చెప్పే మాట

హెల్సింకీకి కొత్త కేంద్ర గ్రంథాలయం కావాలన్న ప్రతిపాదన 1998లో అప్పటి సాంస్కృతిక మంత్రి క్లాస్ ఆండర్సన్ నుంచి వచ్చింది. ఆయన కవి, మానసిక వైద్యుడు కూడా. ప్రతిపాదన వచ్చింది కదా అని వెంటనే పలుగూ పారా పట్టుకోలేదు. ఏళ్ల తరబడి చర్చలు జరిగాయి. కొత్త గ్రంథాలయంలో ఏం కావాలో నగరవాసులను అడిగి, ఆలోచనలు పోగుచేశారు. అంతర్జాతీయ పోటీ పెడితే 544 నమూనాలు వచ్చాయి. 2013లో హెల్సింకీకే చెందిన ఏఎల్‌ఏ ఆర్కిటెక్ట్స్ గెలిచింది. స్వాతంత్ర్యానికి 101 ఏళ్లు నిండే ముందురోజు, అంటే 2018 డిసెంబరు 5న, తలుపులు తెరిచారు. మంత్రి మాట నుంచి తలుపు తెరిచేదాకా 20 ఏళ్లు. ఖర్చు సుమారు 9.8 కోట్ల యూరోలు. అందులో 3 కోట్ల యూరోలు స్వాతంత్ర్య శతాబ్ది పేరిట కేంద్ర ప్రభుత్వం ఇచ్చింది, మిగతాది నగరం పెట్టుకుంది.

స్థలం చూడండి. రైల్వే స్టేషన్ నుంచి నాలుగడుగుల దూరం. పక్కన సంగీత భవనం, ఆధునిక కళా మ్యూజియం, ఒక పెద్ద పత్రికా సంస్థ కార్యాలయం. మైదానానికి ఆవలి వైపు, సరిగ్గా ఎదురుగా, 1931లో కట్టిన పార్లమెంటు భవనం ఉంది. గ్రంథాలయం పై అంతస్తు నుంచి ఆ మైదానంలోకి పొడుచుకువచ్చిన విశాలమైన వసారా ఉంది. పార్లమెంటు మెట్లెక్కితే వచ్చే గుమ్మం ఎత్తూ, ఈ వసారా ఎత్తూ సమానంగా ఉండేలా వాస్తుశిల్పులు కావాలనే లెక్క చూసుకున్నారు. టికెట్టు లేకుండా, పేరు చెప్పకుండా ఎవరైనా అక్కడికి వచ్చి కాఫీ తాగుతూ చట్టసభ వైపు సమాన ఎత్తు నుంచి చూడవచ్చు. చట్టంలో మాటగా ఉన్న ‘ప్రజాస్వామ్యం’ ఇక్కడ మీటర్లలో కొలతగా ఉంది.

ఆ స్థలంతో ఒక చిక్కు కూడా ఉంది. భవిష్యత్తులో ఎప్పుడైనా నగరం కింద రోడ్డు సొరంగం తవ్వవలసి వస్తుందేమోనని అక్కడ భూగర్భంలో దారి వదిలిపెట్టి ఉంచారు. దాని మీద స్తంభాలు దించడానికి వీల్లేదు. అందుకని భవనాన్ని వంతెనలా కట్టారు. 100 మీటర్లకు మించిన నిడివి గల రెండు ఉక్కు కమానులు ఈ కొస నుంచి ఆ కొసకు బరువంతా మోస్తాయి. దాని వల్ల వచ్చిన లాభం కింది అంతస్తుది. నడుమ స్తంభాల అడ్డు లేకుండా, మైదానం అలాగే లోపలికి నడిచి వచ్చినట్టు ఉంటుంది.

మూడు అంతస్తులు, మూడు పనులు

కింది అంతస్తు సందడి చోటు. కాఫీ హోటలు, సభా మందిరం, జాతీయ చలనచిత్ర భాండాగారం నడిపే సినిమా హాలు, పుస్తకాలు తిరిగి ఇచ్చే బల్ల అక్కడున్నాయి. మధ్య అంతస్తు కమానుల మధ్య ఇరుకులో ఉంటుంది. కిటికీలు తక్కువ, మూలలు ఎక్కువ. అలాంటి చోటు చదువుకు పనికిరాదు గనుక దాన్ని చేతిపనికి ఇచ్చారు. కుట్టుమిషన్లు, త్రీడీ ప్రింటర్లు, సంగీతం రికార్డు చేసుకునే గదులు, ఆటల గదులు, నలుగురూ కలిసి వండుకునే వంటిల్లు కూడా ఉన్నాయి. చిరిగిన జాకెట్టు తెచ్చి కుట్టుకుని పోయే ముసలమ్మ కూడా అక్కడ గ్రంథాలయ పాఠకురాలే.

పై అంతస్తు పుస్తకాలది. అక్కడివాళ్లు దానికి ‘పుస్తక స్వర్గం’ అని పేరు పెట్టుకున్నారు. సుమారు లక్ష పుస్తకాలు ఉంటాయి. అరలు ఛాతీ ఎత్తు దాటవు, అందువల్ల ఒక కొస నుంచి చూస్తే రెండో కొస దాకా మనుషులు కనిపిస్తారు. నడుమ నిజమైన చెట్లు పెరుగుతున్నాయి. నేల రెండు కొసల్లో వాలుగా పైకి లేస్తుంది. పిల్లలు అల్లరి చేస్తే కసిరేవారు ఉండరు. పిల్లల విభాగం అదే అంతస్తులో, తోపుడు బళ్లు నిలిపే చోటుతో సహా ఉంది. తిరిగొచ్చిన పుస్తకాలను యంత్రాలు విడదీస్తే, తమంతట తాము నడిచే మూడు బళ్లు లిఫ్టులో పైకి మోసుకొస్తాయి. వాటి పేర్లు తాతూ, పాతూ, వేరా. తాతూ, పాతూ ఫిన్లండ్ పిల్లలందరికీ తెలిసిన బొమ్మల పుస్తకాల్లోని అన్నదమ్ములు. పెట్టెలు మోసే పని యంత్రాలకు అప్పగించి, మనుషులను పాఠకుల మధ్యకు పంపారు.

మూడు అంతస్తులనూ కలిపే నల్లటి మెలికల మెట్ల వరస ఒకటి చెప్పుకోదగ్గది. దాని చుట్టుగోడ మీద, పౌరుల సూచనలతో ఒక కళాకారుడు చేర్చిన సుమారు 400 మాటలు రాసి ఉంటాయి. ఈ గ్రంథాలయం ఎవరెవరికి అంకితమో చెప్పే మాటలవి. మన దగ్గర అలాంటి చోట శంకుస్థాపన శిలాఫలకం ఉంటుంది, దాని మీద హోదాల వరసలో పేర్లుంటాయి. అక్కడ ఆ చోటు వాడుకునేవాళ్లకు దక్కింది.

మొదటి ఏడాది 31 లక్షల సందర్శనలు జరిగాయి. 2019లో అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య దీన్ని ఆ ఏటి ఉత్తమ ప్రజా గ్రంథాలయంగా ఎంపిక చేసింది.

మరి పుస్తకాలేవి?

17,250 చదరపు మీటర్ల భవనంలో లక్ష పుస్తకాలేనా అని పాతకాలపు గ్రంథపాలకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నేను అసలు చెప్పదలచుకున్న మాట ఈ జవాబులోనే ఉంది.

ఓదీ ఒంటరి భవనం కాదు. హెల్సింకీ, ఎస్పో, వాంటా, కౌనియాయినెన్ అనే నాలుగు నగరాల గ్రంథాలయాలన్నీ ‘హెల్మెట్’ పేరిట ఒకటే జాబితా, ఒకటే కార్డు మీద నడుస్తాయి. కావలసిన పుస్తకం ఏ శాఖలో ఉన్నా పేరు చెప్పి పెట్టుకుంటే దగ్గరి శాఖకు వస్తుంది. చదివాక ఏ శాఖలోనైనా ఇచ్చేయవచ్చు. 1986లో కట్టిన పాసిలా గ్రంథాలయం లాంటివి పెద్ద నిల్వలను మోస్తున్నాయి. ఆ శాఖలన్నీ వెనక ఉన్నాయి గనుకనే ఓదీ తన నేలను అరలకు కాకుండా మనుషులకు ఇవ్వగలిగింది. అది చెట్టు కొమ్మన పూసిన పువ్వు. వేర్లు ఊరూరి శాఖల్లో ఉన్నాయి.

ఈ సంగతి తెలియకుండా ఫొటో చూసి నకలు కట్టే నగరానికి మిగిలేది అందమైన హాలు మాత్రమే. శాఖలు మూతపడుతుంటే రాజధానిలో ఒక అద్దాల మేడ లేపడం ఓదీ నేర్పే పాఠానికి సరిగ్గా వ్యతిరేకం.

మన సంగతి

ఇదంతా మనకు కొత్త అనుకోవద్దు. 1914 ఏప్రిల్‌లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై సంఘం పెట్టుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ఆయువుపట్టు. ఫిన్లండ్ గ్రంథాలయ సంఘం అంతకు నాలుగేళ్ల ముందే, 1910లో పుట్టింది. అంటే ఇద్దరం ఇంచుమించు ఒకే కాలంలో బయలుదేరాం. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊళ్లకు పంపారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలన్న ఆలోచన మనకు ఎవరూ అరువివ్వలేదు.

చట్టాలూ ఉన్నాయి. 1948లో మద్రాసు చట్టం, 1955లో హైదరాబాదు చట్టం, రెంటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ప్రజలు నేరుగా గ్రంథాలయం పేరు చెప్పి డబ్బు కట్టే ఏర్పాటు ఇది. ఈ విషయంలో మన చట్టం ఏ దేశపు చట్టానికీ తీసిపోదు. లోటు వసూలైన డబ్బు చేరడంలో ఉంది. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసిన సెస్సును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. చాలాచోట్ల అది సకాలంలో జమకాదు, బకాయిగా పేరుకుపోతుంది. ఆ బకాయి అంటే కొనని పుస్తకం, భర్తీ కాని గ్రంథపాలకుడి పోస్టు, తాళం తీయని బీరువా.

పాఠకులు లేరన్న మాట నేను ఒప్పుకోను. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి. గ్రూప్ పరీక్షలకు, ఉపాధ్యాయ పరీక్షలకు చదివేవాళ్లు పొద్దున్నే వచ్చి చోటు పట్టుకుంటారు. తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. వాళ్లకు కావలసింది కుర్చీ, బల్ల, ఫ్యాను, వెలుతురు, మంచినీళ్లు, పక్కన తమలాగే చదివే మరో మనిషి. వాళ్లను గ్రంథాలయానికి భారంగా చూసేవారున్నారు. హెల్సింకీ వాళ్లయితే ఆ యువతను చూసి, ఇదిగో మా భవనానికి నమూనా అని కాగితం తీసి గీసేవారు.

కాబట్టి ఓదీ నుంచి మనం తెచ్చుకోవలసింది వంపు కప్పు కాదు. మూడు సంగతులు తెచ్చుకుందాం. కట్టేముందు వాడుకునేవాళ్లను అడగడం. ఒక్క కార్డుతో జిల్లాలోని ఏ శాఖలోని పుస్తకమైనా చేతికి అందేలా చేయడం. గ్రంథాలయాన్ని ఊరి చివర మిగిలిన జాగాలో కాక, బస్టాండుకూ కచేరీకీ దగ్గరగా, జనం నడిచే దారిలో నిలపడం. ఈ మూడింటికీ 9.8 కోట్ల యూరోలు అక్కర్లేదు. రెండోదానికి భవనమే అక్కర్లేదు.

చివరగా ఒక విన్నపం. ఈ ఏడాది మీరు ఇంటి పన్ను కట్టినప్పుడు రశీదు ఒకసారి తిప్పి చూడండి. గ్రంథాలయ సెస్సు ఎంత కట్టారో చూసుకోండి. మీ ఊళ్లో మొత్తం ఎంత వసూలైంది, అందులో ఎంత జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ అయింది అని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. జవాబు వస్తే మీ శాఖా గ్రంథాలయం నోటీసు బోర్డు మీద అతికించండి. ఈ సభకు వచ్చిన వాళ్లలో పదిమంది ఆ పని చేసినా, మనం ఎవరి పేరిట ఇక్కడ కూడామో ఆయన రుణం కొంత తీరుతుంది.