వానకు సిగ్నల్ ఎందుకు తగ్గుతుంది?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మైక్రోవేవ్ విభాగంలో పనిచేసినవాణ్ణి కనుక, వాన పడితే టి.వి. ఎందుకు ఆగిపోతుందో చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. మన ఇళ్ళలో ఈ కేసులో ముద్దాయి ఎప్పుడూ డిష్ బిగించిన కుర్రవాడే. పాపం, చాలాసార్లు అతను నిర్దోషి.

ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అంత దూరం హాయిగా వచ్చిన తరంగానికి చిక్కంతా చివరి ఐదారు కిలోమీటర్లలోనే. మన ప్రాంతంలో వాన చినుకులుండేది ఆ ఎత్తు లోపలే. చినుకు తరంగశక్తిని కొంత పీల్చుకుని వేడిగా మారుస్తుంది, కొంత పక్కలకు చెదరగొడుతుంది. 4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు ఏడున్నర సెంటీమీటర్లు; నాలుగైదు మిల్లీమీటర్ల చినుకును అది అంతగా లెక్కచేయదు. ఇంటి డిష్‌కు వచ్చే 12 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లే. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున కురిసే వానలో అది కిలోమీటరుకు రెండు డెసిబెల్స్‌కు పైగా నష్టపోతుంది. అలాంటి వాన నాలుగు కిలోమీటర్ల మేర అడ్డుపడితే మిగిలేది సుమారు పదోవంతు.

ఇక్కడ 'చొప్పున' అన్న మాట గమనించండి. రోజంతా ముసురుపట్టి అదే 50 మిల్లీమీటర్లు కురిస్తే బొమ్మ చెదరదు. సాయంత్రం ఉరుములతో పది నిమిషాలు దంచికొడితే ఆగుతుంది. వెనకటి టి.వి.లో ముందు చుక్కలు వచ్చి బొమ్మ మెల్లగా పాడయ్యేది. డిజిటల్‌లో ఆ మర్యాద లేదు. చివరిదాకా శుభ్రంగా ఉండి ఒక్కసారిగా బిగుసుకుపోతుంది.

లింకు 99.9 శాతం సమయం పనిచేస్తుందని కాగితం మీద రాస్తే ఘనంగానే ఉంటుంది. అంటే ఏడాదికి ఎనిమిదిమ్ముప్పావు గంటలు ఆగవచ్చని. ఆ గంటలు ఎండాకాలం మధ్యాహ్నం రావు, తుపాను రాత్రే వస్తాయి. నా దృష్టిలో అసలు ప్రమాదం సీరియల్ ఆగడం కాదు, హెచ్చరిక ఆగడం. 1980లలో ఇన్సాట్ ద్వారా మన తీరగ్రామాలకు వచ్చిన తుపాను హెచ్చరికలు 2.6 గిగాహెర్ట్జ్ దగ్గర ఎస్-బ్యాండులో దిగేవి. ఆ తరంగానికి వాన అడ్డే కాదు. 1990 మే తుపానులో ఆ హెచ్చరికల ఆసరాతో లక్షమందికి పైగా ప్రజలను తరలించగలిగారు.

ఇంకొక ముచ్చట. సెల్ టవర్ల మధ్య లింకుల్లో సిగ్నల్ ఎంత తగ్గిందో చూసి వాన ఎంత కురిసిందో లెక్కగట్టవచ్చని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. మనం లాగ్‌బుక్కులో 'ఫేడింగ్' అని రాసి సంతకం పెట్టినదే వారికి వర్షమాపకమైంది!

ఇక ఇంటి సంగతి. 60 సెంటీమీటర్ల డిష్ బదులు 90ది పెడితే రెండింతలకు పైగా శక్తి అందుతుంది. చిన్న వానలకు అది చాలు, కుంభవృష్టికి చాలదు. దయచేసి ఉరుముల్లో డిష్ తిప్పడానికి మేడ ఎక్కకండి. పావుగంట ఆగితే అదే వస్తుంది. తుపాను రోజుల్లో బ్యాటరీల ట్రాన్సిస్టర్ ఒకటి దగ్గరుంచుకోండి. మీడియం వేవ్ తరంగం వందల మీటర్ల పొడవు, వానతో దానికి పనిలేదు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే టీ దగ్గర మాట్లాడుకుందాం.