షటిల్ ఆట – దేహ దారుఢ్యము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



షటిల్ బ్యాడ్మింటన్ చూచుటకు సుకుమారమైన ఆట. కాక్ బరువు అయిదు గ్రాములకు అటునిటు. అందుచే ఇది కేవలము కాలక్షేపమని పలువురి భావము. పోటీలయందు సంగతి వేరు. 2017లో గ్లాస్గో నగరమున జరిగిన ప్రపంచ పోటీల తుది ఆటలో మన పి.వి. సింధు, జపాను క్రీడాకారిణి ఒకుహారాతో 110 నిమిషములు పోరాడి, స్వల్పమైన తేడాతో ఓడినారు. అందు ఒక్క పాయింటు కొరకే కాక్‌ను 73 సారులు కొట్టవలసివచ్చినది.

ఈ శ్రమలో అధిక భాగము చేతిది కాదు, కాళ్లది. ఆడువారు ముందుకు ఉరకవలెను, చటుక్కున ఆగవలెను, వెనుకకు మళ్లి ఎగిరి కొట్టవలెను. ఆగునప్పుడును, నేలకు దిగునప్పుడును దేహభారమంతయు మోకాలిపైనను, చీలమండపైనను పడును. నాగండ్లలో జన్మించిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలికి తీవ్రమైన గాయమైనది. శస్త్రచికిత్సల పిమ్మట పట్టుదలతో సాధన చేసి, 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ విజేత అయినారు. అట్టి చికిత్స మన పల్లె పిల్లలందరికి అందునా?

కావున బ్యాట్లు కొనుటకు ముందు నేలను చూడుడు. సిమెంటు గచ్చు కంటె చదునుచేసిన మట్టినేల మోకాళ్లకు మేలు. అడుగు జారని బూట్లు ఉండవలెను. ఆటకు ముందు పది నిమిషములు మెల్లగా పరుగెత్తించి, ఒడలు వేడెక్కనిండు. నడుమ నీరు, పిదప పప్పు, పాలు, గ్రుడ్లు, వారమునకు ఒక దినమైనను విశ్రాంతి అవసరము. నొప్పితో ఎవరిని ఆడనీయకుడు.

పల్లె యువతీ యువకుల కాళ్లు ఆటకే కాదు, రేపు పొలము పనికిని కావలెను. వాటిని కాపాడు బాధ్యత మనది.