అందరి తలకూ ఒకే సీసానా?

(మన సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఉగాదినాడు మనవారికి మొదటి పని తలంటు. పచ్చడి, పంచాంగ శ్రవణము ఆ తరువాతనే. సాహిత్యము గురించి, సంగీతము గురించి చక్కగా మాటలాడగలవారు ఈ సభలో చాలమంది ఉన్నారు. మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వే కచేరిలో కాగితాలు చూచుకొనేవారము. ఏదో ఒక విషయము మీద నాలుగు మాటలు చెప్పక తప్పదని కార్యదర్శిగారు పట్టుబట్టగా, ఈ తలంటు సంగతే తీసుకొన్నాము. ఇది చిన్న విషయమని నవ్వవద్దని మనవి. జీతము రాళ్ళతో బ్రతికే ఇళ్ళలో ఈనాడు ఇది చిన్న ఖర్చు కాదు, చిన్న తగవూ కాదు.

సంగతి ఏమంటే, మన పిల్లలు టెలిఫోనులో బొమ్మలు చూచి ఒక సూత్రము నేర్చుకొన్నారు. “సల్ఫేటు లేని షాంపూ, సిలికోను లేని కండిషనరు, ఇవే మంచివి. తక్కినవి విషము.” తల్లి రెండు రూపాయల పొట్లము తెస్తే, కూతురు ఐదువందల సీసా అడుగుతున్నది. బామ్మ, కుంకుడుకాయ ఉండగా ఈ రెండూ ఎందుకంటున్నది. ముగ్గురిలో ఎవరిది న్యాయము? మేము దొరికినంతవరకు చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకొన్నది మీ ముందు ఉంచుతాము.

మొదట సల్ఫేటు అంటే ఏమిటి? నూనె, నీరు కలవవని అందరికీ తెలుసు. ఆ రెంటినీ కలపడానికి ఒక మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తికి ఒక కొన నీటితో స్నేహము చేస్తుంది, రెండవ కొన జిడ్డును పట్టుకొంటుంది. నీళ్ళు పోసినప్పుడు జిడ్డును వెంటబెట్టుకొని పోతుంది. సబ్బు, కుంకుడు, షాంపూ, అన్నీ చేసే పని ఇదే. షాంపూలలో ఈ పని చేసేవాటిలో సోడియం లారిల్ సల్ఫేటు, సోడియం లారెత్ సల్ఫేటు ముఖ్యమైనవి. పేర్లు కవలపిల్లల పేర్లవలె ఉన్నా, మొదటిది కటువైనది, రెండవది దానికంటె మెత్తనిది.

లారిల్ సల్ఫేటు చర్మమును మండించే మాట నిజమే. చర్మ వైద్యులు పరీక్షలకోసము కావాలని చర్మమును రేపవలసినప్పుడు దీనినే పట్టీ వేసి గంటలకొద్దీ ఉంచుతారు. కాని షాంపూ తలమీద ఉండేది రెండు మూడు నిమిషములు. దానివలన కాన్సరు వస్తుందన్న పుకారుకు ఆధారము లేదు. జిడ్డుతోపాటు వెంట్రుకకు అవసరమైన కొద్దిపాటి తైలమును కూడ అది ఊడ్చివేయగలదన్నది మాత్రము న్యాయమైన ఫిర్యాదు.

ఇక సిలికోను. వెంట్రుక పైపొర ఇంటికప్పు పెంకులవలె ఒకదానిమీద ఒకటి అమర్చిన పొలుసులతో ఉంటుంది. ఎండకు, రంగుకు, గట్టి దువ్వెనకు ఆ పెంకులు లేస్తాయి. అప్పుడు జుట్టు చిక్కుపడుతుంది, తెగుతుంది. డైమెథికోను వంటి సిలికోనులు ఆ పెంకులమీద పలుచని పొరగా పరచుకొని రాపిడి తగ్గిస్తాయి. బండి ఇరుసుకు కందెన పూసినట్లు అనుకోండి. “వెంట్రుకకు ఊపిరాడదు” అని కొందరంటారు. తలపైకి వచ్చిన వెంట్రుక ప్రాణము లేనిది, ప్రాణమంతా కుదుళ్ళలోనే. ఊపిరే లేనిదానికి ఊపిరాడకపోవడము ఎక్కడిది? కందెన ఎక్కువై పేరుకొంటే జుట్టు బరువెక్కి, అతుక్కొని, కాంతి తగ్గుతుంది. అంతవరకే దాని దోషము. ఐరోపావారు 2020 నుండి డి-4, డి-5 అనే రెండు రకముల సిలికోనులను కడిగివేసే వస్తువులలో నూటికి 0.1 వంతుకు మించరాదని కట్టడి చేశారు. అది జుట్టుకోసము కాదు. అవి నీళ్ళలోకి పోయి చాలకాలము నశించకుండా ఉంటాయని.

మరి ఈ రెంటినీ కలిపి బహిష్కరించే సూత్రము ఎక్కడ పుట్టింది? లొరెయిన్ మాస్సీ అనే క్షౌరకళా నిపుణురాలు న్యూయార్కులో ఉంగరాల జుట్టుకు పేరుపొందినది. ఆమె “కర్లీ గర్ల్” అనే పుస్తకమును 2001లో వెలువరించినది. పేరులోనే ఉన్నది, అది ఉంగరాల జుట్టు ఆడపిల్లలకోసము. తలమీద పుట్టే సహజమైన తైలము తిన్నని వెంట్రుకమీద సులువుగా కొసవరకు జారుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుకమీద జారలేదు. అందుచేత ఉంగరాల జుట్టుకు కొసలు ఎప్పుడూ ఎండిపోయి ఉంటాయి. ఉన్న కొద్దిపాటి తైలమును కటువైన షాంపూతో కడగరాదు. కటువైన షాంపూ మానితే, నీటిలో కరగని సిలికోను సరిగా వదలక పేరుకొంటుంది. కనుక సిలికోనూ మానాలి. ఇదీ ఆ సూత్రములోని తర్కము. ఆ జుట్టుకు అది చక్కని తర్కమే.

చిక్కు ఎక్కడ వచ్చినదంటే, ఉంగరాల జుట్టుకు చెప్పిన సూత్రమును లోకములోని తలలన్నింటికీ వర్తింపజేశారు. మన సేలము–బెంగుళూరు మార్గము ఒకప్పుడు మీటరుగేజి. మీటరుగేజి పెట్టెను బ్రాడుగేజి పట్టాలమీద పెడితే కూలబడుతుంది. దోషము పెట్టెదీ కాదు, పట్టాలదీ కాదు.

కనుక ఎవరికి ఏది తగునో విడివిడిగా చూద్దాము.

ఉంగరాల జుట్టు, ఎండిన జుట్టు, రంగు వేయించుకొన్న జుట్టు, దుకాణములో తిన్నగా చేయించుకొన్న జుట్టు గలవారికి సల్ఫేటు లేని మెత్తని షాంపూ తగును. సన్నని జుట్టు, త్వరగా జిడ్డెక్కే తల గలవారికి అది చాలదు. రెండవనాటికే తల అతుక్కొంటుంది. వీరికి సిలికోను కూడ బరువే. అంటే వీరికి సల్ఫేటు ఉన్నది, సిలికోను లేనిది కుదురుతుంది. బారెడు జడ వేసుకొని బడికిపోయే పిల్లకు చిక్కు తీయడములోనే సగము జుట్టు తెగుతుంటే, కొసలకు కొద్దిగా సిలికోను కండిషనరు రాయడము మేలే చేస్తుంది. చూడండి, ఈ రెండు “లేనివి” జంట ఎద్దులు కావు. ఒకటి కట్టితే రెండవది కట్టవలెనన్న నియమము లేదు.

చుండ్రు ఉన్నవారి సంగతి వేరు. చుండ్రులో మలసీజియా అనే బూజుజాతి సూక్ష్మజీవికి పాత్ర ఉన్నది. తలమీది తైలమే దాని ఆహారము. వీరు చూడవలసినది సల్ఫేటు ఉన్నదా లేదా అని కాదు. కీటోకొనజోలు, జింకు పైరిథియోను వంటి మందు ఉన్నదా అని. చుండ్రు పోవాలని మరింత నూనె పట్టించడము ఆ జీవికి విందు చేయడమే.

ఇంకొక మాట. “సల్ఫేటు లేదు” అన్నంత మాత్రాన మెత్తనిదని అర్థము కాదు. ఒలెఫిన్ సల్ఫొనేటు అని ఒకటి ఉన్నది. అది సల్ఫేటు కాదు గనుక సీసామీద “సల్ఫేటు లేదు” అని వేయవచ్చును. కాని కడగడములో సల్ఫేటుకు తీసిపోదు. సీసా ముందుభాగము లేనిది చెబుతుంది. ఉన్నది తెలియాలంటే వెనుకభాగము చదవాలి. అక్కడ పదార్థముల పేర్లు, ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనుకగా సాధారణముగా వ్రాసి ఉంటాయి. నీటి తరువాత రెండు మూడు పేర్లు చదివితే సరిపోతుంది.

మనవారికి నూనె అలవాటు. ఈ ధర్మపురి ప్రాంతములో ఇంకా ఎక్కువ. హొగెనకల్‌లో జలపాతము చూడబోయినవారికి ఒళ్ళంతా నూనె మర్దన చేసి స్నానము చేయించే ఆచారము మీరెరిగినదే. “షాంపూ” అనే మాట హిందీ “చాంపో” నుండి వచ్చినది, దాని అసలు అర్థము మర్దనయే. పాట్నావాడైన షేక్ దీన్ మహమ్మదు పందొమ్మిదవ శతాబ్దము మొదట్లో ఇంగ్లండులోని బ్రైటనులో స్నానశాల పెట్టి ఈ మాటను అక్కడ ప్రచారము చేశాడు. ఆ లెక్కన హొగెనకల్ మర్దనకారులే అసలైన షాంపూవారు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు మాంసకృత్తులు పోకుండా కొంత కాపాడుతుందని 2003లో రేలే, మొహిలే అనే ఇద్దరు మన దేశపు పరిశోధకులు చూపారు. వారు కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీవారన్నది కూడ చెప్పడము న్యాయము. మంచిదే, కాని గిన్నెడు నూనె పట్టించి, సల్ఫేటు లేని షాంపూతో కడుగుతామంటే, జిడ్డు వదలదు, సీసా సగమవుతుంది.

బామ్మగారి కుంకుడుకాయకు వస్తాము. కుంకుడులోను, సీకాయలోను సాపోనిన్లు ఉన్నవి, నురుగు వాటిదే. ఇవి పుట్టుకతోనే సల్ఫేటు, సిలికోను లేనివి. ఇక్కడివారు వాడే అరప్పుపొడి కూడ అట్టిదే. కాని “ప్రకృతి” అన్నంతనే అందరికీ పడుతుందని కాదు. కుంకుడు రసము కంట పడితే ఎట్లుంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఎండిన జుట్టును అది మరింత గరగర చేస్తుంది. సరిగా జల్లించని పొడి నలుసులు తలలోనే ఉండిపోతాయి. నూనె తలకు, దట్టమైన తిన్నని జుట్టుకు అది నేటికీ చవకైన, మంచి వస్తువు.

ఇక నీళ్ళ సంగతి. ఆవిరి యింజన్ల కాలములో రైల్వేవారికి గట్టినీరు పెద్ద శత్రువు. బాయిలరులో సున్నపుపొర కట్టి బొగ్గు వృథా అయ్యేది. ఆ పొరనే మనము బోరునీళ్ళు కాచే బిందెలో చూస్తున్నాము. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీటి గట్టిదనము లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండవలె, వేరే ఆధారము లేనప్పుడు 600 వరకు ఓర్చుకోవచ్చును. గట్టినీటిలో సబ్బుబిళ్ళతో తల రుద్దితే తెల్లని మడ్డి ఏర్పడి జుట్టు జటలు కడుతుంది. సల్ఫేటు షాంపూ అట్లా మడ్డి కట్టదు, అది దాని గుణము. మన బోరునీటి గట్టిదనములో కాల్షియం, మెగ్నీషియం సల్ఫేట్లు కూడ ఉండవచ్చును. సల్ఫేటు లేని సీసా కొని సల్ఫేటు నీళ్ళతో కడుగుతున్నామన్నమాట! ఈ సల్ఫేటు వేరు, ఆ సల్ఫేటు వేరు, భయపడనక్కరలేదు. పేరు చూచి భయపడరాదనడానికే చెప్పాము.

“ఈ ఊరి నీళ్ళు పడక జుట్టు ఊడిపోయింది” అని బదిలీమీద వచ్చిన ప్రతి కుటుంబమూ అంటుంది. కోయంబత్తూరు వైద్యులు 2013లో పదిహేనుమంది వెంట్రుకలను గట్టినీటిలోను, శుద్ధజలములోను ఉంచి చూస్తే బలములో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. 2018లో వెలువడిన పాకిస్తానువారి పరిశీలన బలము కొంత తగ్గినదన్నది. అది వెంట్రుక తెగడము గురించిన మాట, కుదుళ్ళతో ఊడడము గురించి కాదు. ఫ్లోరైడు మాట కూడ వింటుంటాము. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు ఫ్లోరైడు బాధ తప్పించడానికే హొగెనకల్ మంచినీటి పథకము 2013లో అందుబాటులోకి వచ్చినది. ఆ బాధ దంతములకు, ఎముకలకు. కావేరి కుళాయినీరు ఒక చెంబు మిగుల్చుకొని చివర తలమీద పోసుకొంటే మాత్రము జుట్టు మెత్తగా ఉంటుంది.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచినది. రోజుకు యాభై నుండి నూరు వెంట్రుకలు రాలడము సహజము. అంతకు మించి గుప్పెళ్ళుగా రాలితే, దానికి మందు ఏ సీసాలోను లేదు. ప్రసవము తరువాత, పెద్ద జ్వరము తరువాత, తిండి తగ్గినప్పుడు, మనోవ్యథ కలిగినప్పుడు రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుంది. బదిలీ అయి వచ్చిన రెండు మూడు నెలలకే రాలిందంటే, నీళ్ళను అనేముందు ఆ బదిలీలో ఆ ఇల్లాలు ఎంత అలిసినదో, ఎన్ని పూటలు సరిగా తినలేదో చూడవద్దా? మాకు తెలిసిన ఒక ఇంటిలో ఏడాదిలో నాలుగు రకముల షాంపూలు మార్చారు. చివరకు రక్తపరీక్ష చేయిస్తే ఆమెకు ఇనుము బాగా తక్కువగా ఉన్నదని తేలింది. ఆ నాలుగు సీసాల డబ్బుతో పరీక్ష, మాత్రలు అన్నీ అయ్యేవి. ఆయాసమును, నీరసమును ఇంటిల్లిపాదీ “పనివలన” అనుకొన్నారు. జుట్టు ఊడకపోతే ఆ మాత్రము కూడ కనిపెట్టేవారు కారు. సోదరులారా, మన ఇంటి ఆడవారి జుట్టు రాలుతున్నదంటే దుకాణమునకు పోకముందు డాక్టరువద్దకు తీసుకుపోండి. ఇనుము, థైరాయిడు పరీక్ష చేయించండి.

కొనవలసివస్తే ఒక పద్ధతి పాటించండి. ముందు చిన్నది కొనండి. పొట్లపు షాంపూకు ఈ తమిళనాడే పేరుపొందినది. చిక్ షాంపూ కంపెనీ 1983లో కడలూరులోనే మొదలైనది. ఒకసారికి ఒకటే మార్చి, ఒక నెల చూడండి. షాంపూ, నూనె, కండిషనరు మూడూ కలిపి మార్చితే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తేలదు. ఒకే ఇంటిలో తల్లికి ఒకటి, కూతురికి ఒకటి పడవచ్చును. కూతురిది ఉంగరాల జుట్టు అయితే ఆమె అడిగినది సోకుకోసమే అనుకోకండి. ఆ జుట్టును “పిచ్చుకగూడు” అని ఎగతాళి చేయడము అన్నిటికంటె ముందు మానండి. ఖాళీ పొట్లములను మాత్రము హొగెనకల్ ఒడ్డున పారవేయకండి.

రేపు ఉగాది తలంటుకు ఎవరి తలకు తగినది వారు వాడుకొందురు గాక.  కొత్త సంవత్సరము మీ ఇంటిల్లిపాదికి ఆరోగ్యమును ఇచ్చుగాక.