పాత విత్తనాల ప్యాకెట్ పారేయకండి, ముందు వెనక్కి తిప్పి చదవండి!

ఈ రోజు టాపిక్ అరచేతిలో పట్టేంత చిన్నది: కూరగాయ విత్తనాల ప్యాకెట్. మన చీడికాడ, చోడవరం వైపు ఏ ఇంట్లో వెతికినా, ట్రంకు పెట్టెలోనో గోడ గూట్లోనో పాత బెండ ప్యాకెట్ ఒకటి దొరుకుతుంది. బొమ్మ బాగుందని ఫొటో తీసి స్టేటస్ పెడతాం. కానీ అసలు విషయం వెనక వైపు ఉంటుంది.

ప్యాకెట్ రాకముందు మనకి విత్తనాల షాపు మన ఇల్లే. బీరకాయ ఒకటి పాదుకే ముదరనిచ్చి చూరుకి వేలాడదీసేవారు. ఆనప గింజలు బూడిదలో కలిపి దాచేవారు. పైసా ఖర్చు లేదు.

తర్వాత కుటుంబ కంపెనీలొచ్చాయి. పుణెలో పోచా కుటుంబం 1884 నుంచే విత్తనాలు అమ్ముతోంది. 1964లో జాల్నాలో బద్రీనారాయణ్ బార్వాలే మహికో పెట్టారు. ఆయన మొదట్లో పెంచి అమ్మింది ఢిల్లీ పరిశోధకులు తయారు చేసిన పూసా సవాని బెండ. ఆకుల ఈనెలు పసుపెక్కే తెగులుని అది అప్పట్లో తట్టుకునేది. 1973లో బెంగళూరు కంపెనీ ఒకటి 'కర్ణాటక' అనే హైబ్రిడ్ టమాటా తెచ్చింది.

ఇక్కడే తేడా మొదలైంది. పూసా సవాని లాంటి సూటి రకమైతే కాయ ముదరనిచ్చి, గింజ తీసి మళ్లీ వేసుకోవచ్చు. ప్యాకెట్ మీద 'ఎఫ్1' అని ఉంటే అది హైబ్రిడ్. దాని గింజ వేస్తే మొక్కలొస్తాయి గానీ ఒక్కోటి ఒక్కోలా కాస్తుంది. అంటే ప్రతి ఏడాదీ మళ్లీ కొనాల్సిందే.

ఇప్పుడు ప్యాకెట్ తిప్పండి. లాట్ నంబర్, పరీక్ష తేదీ, మొలక శాతం చూడండి. బెండకి కనీసం 65, టమాటాకి 70, మిరపకి 60 శాతం ఉండాలి. గడువు సాధారణంగా పరీక్ష తేదీ నుంచి 9 నెలలు. గింజకి గులాబీ రంగో నీలం రంగో ఉంటే మందు పట్టించారని అర్థం. పిల్లలకి, కోళ్లకి అందనివ్వకండి.

పాత గింజ బతికుందా? తడిగుడ్డలో 20 గింజలు చుట్టి వారం ఉంచండి. 13 మొలిస్తే 65 శాతం. ఐదారే వస్తే చేనులో వేయొద్దు. ఉల్లి గింజైతే ఏడాది దాటితేనే అనుమానం.

అసలు ముఖ్యమైన మాట ఇది. విత్తనం మొలవకపోతే పోయేది ప్యాకెట్ డబ్బులు కాదు, ఒక సీజన్. దుక్కి, ఎరువు, కూలి అన్నీ పోతాయి. ఆంధ్రప్రదేశ్ రైతుల కేసుల్లో 2012లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చు. గింజలన్నీ చల్లేశాక శాంపిల్ దాచలేదని రైతుని తప్పుపట్టకూడదని కూడా అంది.

అందుకే మీ నాన్నగారికి ఫోన్ వాడటం సరిగ్గా రాకపోతే ఈ పని మీరు చేయండి. విత్తనం కొన్న రోజే బిల్లు, ప్యాకెట్ రెండు వైపులా ఫొటో తీయండి. ఖాళీ ప్యాకెట్ కూడా పంట చేతికొచ్చేదాకా దాచండి.

మీ ఇంట్లో పాత ప్యాకెట్ ఉంటే, దాని మీద ఏ రకం పేరుందో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!