కూచున్నచోటే పొద్దుపుచ్చే అమ్మలకు

హోసూరు వైపు మన తెలుగిళ్ళలో కోడలు తరచు అనే మాట ఒకటుంది: "నువ్వు కూచో అత్తా, నేను చేస్తాను." అత్తకు బీపీ ఉంటే ఆ ప్రేమ మరీ ఎక్కువ. మంచినీళ్ళు కూడా కుర్చీ దగ్గరికే వస్తాయి.

మాత్ర వేసుకున్నాం, పొద్దున గుడిదాకా నడిచాం, చాలదా అంటారు. చాలదమ్మా. కాళ్ళలోని రక్తాన్ని పైకి, గుండెవైపు నెట్టేవి ముఖ్యంగా పిక్కల కండరాలు. గంటల తరబడి కూచుంటే అవి పని మానేస్తాయి. 2024లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, 60 దాటిన స్థూలకాయులు రోజుకు అరగంట కూచోవడం తగ్గించగా, పై రక్తపోటు సగటున 3 పాయింట్లకు పైగా తగ్గింది. మాత్ర మానమని కాదు సుమా!

లేవగానే తల తిరిగితే వెంటనే కూచోండి, డాక్టరుకు చెప్పండి. లేకుంటే, సీరియల్ మధ్య ప్రకటన వచ్చినప్పుడల్లా లేవండి. మీ చెంబు మీరే నింపుకోండి. కోడలు వద్దన్నా సరే, మల్లెచెట్టుకు నీళ్ళు మీరే పోయండి.